బల్ల దగ్గర మిగిలినవాడు

"మీకు ఎవరితో మాటల్లేవో వాళ్లతో మాట కలిపి రండి, అప్పుడే ప్రభువు బల్ల మీది రొట్టె విరిచి పంచుతాను" అన్నాడు పాస్టరు, బైబిలు మూసి. ఏళ్లుగా ఎడమొహం పెడమొహంగా కూర్చునే ఆ సంఘం ఎప్పటిలాగే పెడచెవిన పెడుతుందనుకున్నాడు. కానీ ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. వాక్యం ఇన్నాళ్లకు వీళ్ల బుర్రకెక్కిందని ఆయన కడుపు నిండిపోయింది.

గుడి ఖాళీ అయింది. బల్ల ముందు ఆయనొక్కడే మిగిలాడు. బెంచీలు తుడిచే అవ్వ గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆగింది.

"నేనూ మా కోడలి దగ్గరికే పోతున్నా అయ్యగారూ. మరి మీరు బయల్దేరలేదేం? మీ తమ్ముడుండేది ఈ గోడ అవతలేగా."

జవాబుకు ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన రొట్టె మీద గుడ్డ సరిచేశాడు.

గోడ అవతల తమ్ముడు దగ్గాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ దగ్గు వింటూనే ఆయన ప్రసంగాలు రాసుకుంటున్నాడు.