మంచంతో సహా

ఆ రోజు నిదానం ఒక్క మాట గట్టిగా అనుకుని ఆఫీసులో అడుగుపెట్టింది. ఈసారి పడుకున్న పరికరాన్ని ఒక్కదాన్ని కూడా లేపేది లేదు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, మొబైల్ నెట్‌వర్క్ నడిపే ఆ అంతస్తులో దానితో ఎవరికీ పని పడలేదు. రెండేళ్లుగా దేనికైనా సరే "ఇంకోసారి చూద్దాం" అంటుందని అందరూ కలిసి 'నిదానం' అని పేరు తగిలించారు. ఆమె కూడా పలకడం అలవాటు చేసుకుంది.

ఫోన్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లే గుమ్మాన్ని గేట్‌వే అంటారు. లోపల ఎవరున్నారు, ఎవరి అడ్రసు ఏది అని అది ఒక్కొక్కరి పేరా ఓ చిట్టా పెట్టుకుంటుంది. దాని పేరు సెషన్. ఇప్పుడున్న గేట్‌వేకి కాలం చెల్లింది. సాయంత్రం నాలుగింటికి ఎలక్ట్రీషియన్ వచ్చి దాని కరెంటు తీసేస్తాడు, ఈలోగా అందులోవాళ్లందరినీ కొత్తదానిలోకి చేర్చాలి. మామూలుగా ఇది జనం నిద్రపోయాక చేసే పని. కానీ ఎలక్ట్రీషియన్‌గారికి పగలే తీరింది, ఆయనకి తీరినప్పుడే కంపెనీకి కూడా తీరాలి.

చేర్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒకే ఒక్క కమాండ్‌తో అందరినీ బయటికి గెంటేయడం. ఫోన్లయితే ఉలిక్కిపడి, కొత్త గుమ్మం వెతుక్కుని క్షణంలో లోపలికి వచ్చేస్తాయి. అయితే అన్నీ ఫోన్లే కావు. నీటి మీటర్లున్నాయి, వరద సైరన్లున్నాయి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల మెడలో వేలాడే అలారం బటన్లున్నాయి. బ్యాటరీ ఆదా అవుతుందని అవి రోజుకి ఒకసారి కళ్లు తెరిచి, తక్కిన పొద్దంతా ముసుగుతన్ని పడుకుంటాయి. గెంటేస్తే వాటిలో కొన్ని పాతవి మళ్లీ లోపలికి రాలేవు, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. రెండో దారి, పడుకున్నవాణ్ని మంచంతో సహా పక్కగదిలోకి మోసుకుపోవడం. అడ్రసు మార్చకుండా చిట్టాని మాత్రం కొత్త గేట్‌వే చేతికి అప్పగిస్తారు, పరికరానికి ఆ సంగతే తెలియదు. దీనికి గంటలు పడుతుంది.

రెండేళ్ల కిందట మొదటి దారి పట్టారు. నాలుగువందల పన్నెండు పరికరాలు తిరిగి రాలేదు. వాటిలో ఒకటి నిదానం పెద్దమ్మ మెడలో ఉంది. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. "నీ ఇంట్లో నిలబడి ప్రయాణం చేయడానికి కూడా చోటు లేదే" అని వెక్కిరించి, ఒక మూడో అంతస్తులో ఒక్కతే కాపురం పెట్టింది. ఆ రోజు బాత్రూములో జారిపడి బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. నొక్కుతూనే ఉంది. తొమ్మిది గంటలయ్యాక పక్కింటావిడ తలుపు కొట్టింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ కుంటి నడక మిగిలిపోయింది. ఆ కమాండ్‌కి 'అవును' కొట్టింది తన చెయ్యేనని నిదానం ఇంతవరకూ ఆవిడకి చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం రెండింటికల్లా ఫోన్లన్నీ కొత్తదానిలోకి వెళ్లిపోయాయి. పడుకున్నవి పదకొండు వేలు మిగిలాయి. మేనేజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడేం కాదు. నాలుగింటికి "అయిపోయింది" అంటానని పైవాళ్లకి మాటిచ్చేశాడు, ఇక ఆ మాట తప్ప ఆయన కంటికి ఇంకేదీ ఆనడం లేదు.

"వీటిలో ట్రాఫిక్ సున్నా. అన్నీ ఖాళీ సెషన్లే, గెంటేయండి," అన్నాడు.

"ఖాళీవి కావు సార్, పడుకున్నవి."

"రెండింటికీ తేడా ఏముంది?"

"మీరు నిద్రపోతున్నారని, ఇంట్లో ఎవరూ లేరనుకుని బయట తాళం వేసుకుపోతే ఊరుకుంటారా?"

పక్క కుర్చీల్లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మేనేజరు మొహం మాడ్చుకుని తన కంప్యూటర్ ముందుకి పోయి కమాండ్ తానే కొట్టాడు. కానీ అంత పెద్ద కమాండ్ ఒక చేత్తో నడవదు. ఒకరు కొట్టాలి, షిఫ్టు పెద్ద ఒప్పుకోవాలి. ఆ రోజు షిఫ్టు పెద్ద నిదానమే. 'అవును', 'కాదు' అని రెండు గళ్లు ఆమె స్క్రీన్ మీదికి వచ్చి కూర్చున్నాయి.

"నొక్కండి. దిగినవాళ్లు మళ్లీ వాళ్లే ఎక్కుతారు."

"ఎక్కలేనివాళ్లో?"

"లక్షల్లో ఏ నాలుగువందలో. అది లెక్కలోకి రాదు."

నిదానానికి ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట కూడా ఇదే మాట అన్నారు, అప్పుడు ఆమె తలూపింది. ఇప్పుడు 'కాదు' నొక్కింది.

"ఆ నాలుగువందల్లో ఒకావిడ నాకు బాగా తెలుసు సార్. ఆవిడ లెక్కలోకి వస్తుంది."

"ఇది ఆర్డరు. మీరు కాదన్నారని రాసిపెడతాను."

"రాయండి. టైము కూడా వేయండి, రెండూ పది."

అప్పటినుంచి మంచాలు మోస్తూనే ఉంది. నిమిషానికి డెబ్బై దాకా కదులుతున్నాయి, అంతకు మించి తొందరపెడితే కొత్త గేట్‌వే తడబడుతుంది. నాలుగవడానికి పావుగంట ఉందనగా ఇంకా నాలుగున్నర వేలు మిగిలాయి. నిదానం లేచి, చకచకా మెట్లు దిగి కింద కరెంటు గదిలోకి వెళ్లింది. ఎలక్ట్రీషియన్ అప్పటికే మీటల పెట్టె తలుపు తీసి, చేతికి తొడుగులు వేసుకుంటున్నాడు.

"ఒక్క గంట ఆగాలి," అంది.

"కాగితంలో నాలుగని ఉంది మేడం. దిద్దితే ఆగుతాను. దిద్దినవాళ్లదే పూచీ."

ఆమె ఆయన జేబులోని పెన్ను తీసుకుని నాలుగు కొట్టేసి ఐదు వేసింది. కింద తన పూర్తి పేరుతో సంతకం పెట్టింది. ఆ పేరు రాసి ఎన్నాళ్లయిందో, చివరి అక్షరం గీత దాటిపోయింది.

ఆయన కాగితం తిప్పి చూసి, "ఉద్యోగం మీద ఆశ వదులుకున్నారా మేడం?" అన్నాడు.

"వదులుకోలేదు. వదులుకుంటే సంతకం ఎందుకు, మీ తాళాలు లాక్కుని పారిపోయేదాన్ని."

ఆయన తొడుగులు విప్పేసి, స్టూలు లాక్కుని కూర్చుని, టీ ఫ్లాస్కు మూత తిప్పాడు.

పైకొచ్చేసరికి కీబోర్డు మీద మెమో ఉంది. ఆజ్ఞ ధిక్కరించారు, రేపటిలోగా సంజాయిషీ ఇవ్వాలి. ఒకసారి చదివి కీబోర్డు కిందికి తోసేసి పనిలో పడింది. నాలుగూ యాభైకి పాత గేట్‌వేలో సున్నా వచ్చింది. ఎక్కడా ఏ పరికరమూ ఉలిక్కిపడలేదు. మేనేజరు ఆ సున్నా వంక చూసి, "అయిపోయింది" అని చెప్పడానికి పైవాళ్లకి ఫోన్ కలిపాడు.

ఐదింటికి ఆమె పెద్దమ్మకి ఫోన్ చేసింది. పడినప్పటినుంచి ఆవిడ ఆ బటన్‌ని నమ్మదు, రోజూ ఐదింటికి నొక్కి పరీక్ష పెడుతుంది. ఫోన్లోంచి రెండు బీప్‌లు వినబడ్డాయి. ఆ వెంటనే "చెప్పండమ్మా, ఏమైంది?" అని అలారం ఆఫీసు అమ్మాయి గొంతు.

"ఏం కాలేదమ్మా. ఉన్నారో లేదో చూసుకుంటున్నా," అంది పెద్దమ్మ.

 నిదానం ఇక దాచలేకపోయింది.

"పెద్దమ్మా, నువ్వు పడిన రోజు దాన్ని ఆపేసింది నేనే. నొక్కమన్నారు, నొక్కేశాను. ఇవాళ మళ్లీ అదే పని పడింది."

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఇవాళ కూడా నొక్కమన్నారా?"

"అన్నారు."

"నొక్కావా?"

"లేదు. మెమో ఇచ్చారు."

"తొమ్మిది గంటలు పడున్నానే, ఆ చల్లటి గచ్చు మీద," అంది పెద్దమ్మ. "అది నేను మర్చిపోను, నిన్నూ మర్చిపోనివ్వను. సరే, ఆ మెమో పట్టుకుని ఇటు రా. నా సర్వీసులో పదిహేడు వచ్చాయి, ఒక్కదానికీ క్షమించమని రాసివ్వలేదు. నేను చెబుతా, నువ్వు రాయి."

నిదానం కళ్లు తుడుచుకుని, కీబోర్డు కిందినుంచి మెమో తీసి, మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు దగ్గర మేనేజరు ఎదురొచ్చాడు.

"సంజాయిషీ ఎప్పుడిస్తారు?"

"రేపు పొద్దున సార్. ఇంట్లో పెద్దవాళ్లు రాయిస్తామన్నారు."