నల్లబోర్డు మీద ప్రతీక్ష పరీక్ష

రెండు గంటలు నోరు మూసుకుని కూర్చోవాలి. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంత కష్టమైన పని నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

చెప్పింది నా మేనకోడలు ప్రతీక్ష. మిలిటరీ పోలీసులో లాన్స్ నాయక్. సెలవు మీద ముంబైలో మా కామాటిపురాకు వచ్చి రెండు రోజులైంది. వచ్చింది వాళ్లమ్మ చేతి కూర తినడానికి కాదు, ఎం.ఏ. ఆఖరి పేపరు రాయడానికి. ఆన్‌లైన్ చదువు. ఆమె డ్యూటీ చేసే కొండ మీద సిగ్నల్ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియదు. పోయినసారి ఇదే పేపరు సగం రాశాక మంచు పడి సిగ్నల్ పోయింది, దాంతో పేపరూ పోయింది. ఈసారి కూడా పోతే ఇక మళ్లీ రాయనివ్వరు.

అదొక్కటే కాదు. ఆర్మీలో జవాన్లకు చదువు చెప్పే శాఖ ఒకటుందట. అందులో ఆఫీసరు పోస్టుకు వచ్చే నెల ఎంపిక. ఎం.ఏ. పాసైన కాగితం చేతిలో ఉంటేనే లోపలికి రానిస్తారు. ఈ ఏడాది దాటితే ఆమె వయసు కూడా మించిపోతుంది.

ముందురోజు నేను ఊరుకోలేక గెలికాను.

"ఎం.ఏ. చదివితే తుపాకి సీదా పేలుతదా కోడలా?"

"ఊకో మామా."

"గది కూడ హిస్టరీ అంటివి. అన్నీ సచ్చినోళ్ల ముచ్చట్లేనాయె."

ఆమె పుస్తకం మూసింది. "మా బ్యారక్‌ల ఒక పిల్ల ఉంటది మామా. పన్నెండు పాసైంది, గాని ఛుట్టీకి అర్జీ రాయరాదు. ఎవరితోనో రాయించుకుంటది, ఆల్లు నవ్వుతరు. నేను కూసొపెట్టి నేర్పిచ్చిన. నాలుగు నెలలకు సొంతంగ రాసింది. ఆ కాగితం నాకు తెచ్చి చూపెట్టిన దినం నాకేమనిపిచ్చిందో చెప్తే నువ్వు నవ్వుతవ్."

"నవ్వ."

"ఇగో, నవ్వుతనే ఉన్నవ్."

నిజమే, నవ్వుతూనే ఉన్నాను. నా మొహమే అంత. కానీ గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ఆఫీసర్లకు సెల్యూట్ కొడుతూ, డ్యూటీ దిగాక నీళ్ల ట్యాంకు ఎక్కి, అక్కడొచ్చే ఒక్క గీత సిగ్నల్‌తో రెండేళ్లు పాఠాలు విన్న పిల్ల అది. నవ్వుతూనే లోపల బెదిరిపోయాను.

పరీక్షకు నియమం ఒకటే. లాప్‌టాప్ కెమెరాలో ఆమె ఒక్కతే కనిపించాలి. ఇంకో మొహం కనిపించినా, ఇంకో మనిషి గొంతు వినిపించినా తెర మీద ఎర్రపట్టీ వస్తుంది. రెండుసార్ల దాకా ఊరుకుంటారు. మూడోసారి వస్తే పరీక్ష అక్కడికక్కడే మూసేస్తారు.

మా ఖోలీ అంటే ఒక్కటే గది, పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడుగు. బయట అందరూ నడిచే గ్యాలరీలో ఎవరైనా తుమ్మితే లోపల దేవుడి పటం ఊగుతుంది. ప్రతీక్ష తల్లి, మా అక్క శాంతాబాయికి నిద్రలో కూడా మాట్లాడే అలవాటు. అందుకని నాలుగు దాకా రావద్దని ఒట్టు వేయించుకుని పొద్దున్నే ఆమెను ధారావిలో మా చిన్నమ్మ ఇంటికి పంపేశాం.

ఆ తర్వాత నేను మా మూడంతస్తుల చాల్‌లో గడపగడపకూ వెళ్లి చెప్పాను. "రెండు నుంచి నాలుగు దాకా సప్పుడు జేయకున్రి, పిల్లది పరీక్ష రాస్తున్నది."

ఒక్కరు నమ్మలేదు. వాళ్ల తప్పు లేదు. నల్లా రెండు రోజులు బంద్ అని ఒకసారి నేను చెబితే మూడంతస్తులవాళ్లూ పిల్లల టిఫిన్ డబ్బాల్లో కూడా నీళ్లు పట్టుకున్నారు. మున్సిపాలిటీవాళ్లు పిల్లుల్ని పట్టుకుపోతున్నారని ఇంకోసారి చెబితే కింది అంతస్తు కిష్టమ్మ తన పిల్లిని సంచిలో వేసుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో సాయంత్రం దాకా కూర్చుంది.

ఆ కిష్టమ్మే ఇప్పుడు ఆకువక్క నములుతూ అంది. "ఒరే మల్లిగా, ఇండ్ల కూసొని ఎవలన్న పరీక్ష రాస్తరురా? ఎవన్ని ఎడ్డోన్ని చేద్దామని?"

"నిజం అవ్వా. ఒట్టు."

"నీ ఒట్టుకు నా పిల్లి గూడ నమ్మదు, పో."

రెండు గంటలకు ప్రతీక్ష తలుపు గడియ వేసుకుంది. నేను తలుపు పక్కన స్టూలు వేసుకున్నాను. కిటికీ రెక్కలో చీలిక ఉంది. అందులోంచి చూస్తే ఆమె పక్కనుంచి కనిపిస్తుంది. ముడి వేసిన జుట్టు, చెంప, మీటల మీద వేళ్లు. ఎర్రపట్టీ వస్తే ఆ చెంప మీద ఎర్రటి వెలుగు పడుతుంది. పొద్దున ఉత్తుత్తి పరీక్ష పెట్టి నాకు చూపించింది.

ఇరవై నిమిషాలు బాగానే గడిచాయి. అంతలో పక్క ఖోలీ విక్కీ మెట్లెక్కుతూ ఫోన్లో అరిచాడు. పార్సిళ్లు అందించే ఉద్యోగం వాడిది, ఎవరితోనో అడ్రసు కోసం తగువు. నేను చేతులూపేలోపే ప్రతీక్ష చెంప ఎర్రగా అయింది. నేను దండం పెట్టాను. వాడు నవ్వి "క్యా మామా, నయా డ్రామా?" అని తన ఖోలీలోకి పోయాడు.

ఒకటి అయిపోయింది.

రెండోది మాత్రం విక్కీ పాపం కాదు. రెండూ యాభైకి నా జేబులో చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అది నా ఫోను. లోకల్ రైల్లో ఎవరైనా జాలిపడి సీటిస్తారని నేనే పెట్టుకున్న రింగు. జేబులో చెయ్యి పెట్టాను, ఫోను అడ్డం తిరిగి ఇరుక్కుంది. బయటికి లాగి నొక్కేసరికి లోపల ఆ చెంప మళ్లీ ఎర్రబడింది. ప్రతీక్ష తల తిప్పలేదు. కానీ ఆమె వేళ్లు మీటల మీద గాలిలో ఆగిపోయాయి. కాసేపటికి అవి మళ్లీ కదిలాయి.

ఇంకొక్క గొంతు వినిపిస్తే చాలు, రెండేళ్ల నీళ్ల ట్యాంకు చదువు కొట్టుకుపోతుంది.

ఏం చేయాలో తోచలేదు. నోటితో చెబితే ఎవరూ నమ్మరు, రాసి పెడదామనుకున్నాను. చప్పుడు కాకుండా కిందికి దిగి, గేటు లోపలి నల్లబోర్డు మీద సుద్దముక్కతో పెద్దగా రాశాను.

"ప్రతీక్ష పరీక్ష. చప్పుడు చేయరాదు. 4 గంటల వరకు."

నాకు వచ్చిన రాత తెలుగే. మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో క్లాసు దాకా చదివాను. మరాఠీ ఎంతైనా మాట్లాడతాను, రాయమంటే చెయ్యి వంకర పోతుంది. మా చాల్‌లో ఇప్పటి పిల్లలకు తెలుగు అక్షరాలు రావు, ముసలివాళ్లకు ఏ అక్షరాలూ రావు. ఆ తొందరలో ఇది నాకు తట్టలేదు. ఆ బోర్డు మీద మేము తెలుగులో రాసేది ఒక్క సందర్భంలోనే అన్నదీ తట్టలేదు. ఎవరైనా పోతే పేరూ, శవాన్ని ఎత్తే టైమూ రాస్తాం. రాసేది ఎప్పుడూ నేనే.

పైకొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. పావుగంటకు విక్కీ మళ్లీ కిందికి వెళ్లి, తిరిగి వచ్చాడు. ఈసారి పిల్లి అడుగులతో. టోపీ తీసి, నాకెదురుగా గోడకానుకుని కూర్చున్నాడు. వాడి వెనక కింది అంతస్తు సాక్షి, ఇంకో నలుగురు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చారు. ఒక్క మాట లేదు. రాసింది పని చేసిందని మురిసిపోయాను. నమ్మరనుకున్నాను గాని, ఎంత మంచి జనం!

అప్పుడు విక్కీ నా చెవి దగ్గరికి వంగాడు.

"మామా, బరఫ్ తెప్పియ్యన్నా?"

"ఐసుగడ్డలు ఎందుకురా?" గాలితోనే అడిగాను.

"నాలుగింటి దాక ఉంచాలె గదా. ఎండ మస్తున్నది."

ఆ బోర్డు మీద తెలుగులో ఎప్పుడు రాస్తామో నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఎవలు సావలేదురా. పరీక్ష! లోపల పిల్లది పరీక్ష రాస్తున్నది."

విక్కీ నా భుజం నొక్కాడు. వాడి కళ్లలో నీళ్లు. "అట్లనే మామా. అట్లనే." సాక్షి వైపు తిరిగి తల మీద వేలు పెట్టి చూపించాడు. దెబ్బకు మామ మతి చెడిందని దానర్థం.

ఇంకా గట్టిగా చెబుదామంటే తలుపు జానెడు దూరంలో ఉంది. మూడూ ఇరవై ఐదు. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. ఆ అడుగులు ఎవరివో నాకు తెలుసు.

కిష్టమ్మ. మా చాల్‌లో ఏ చావుకైనా మొదటి శోకం ఆమెదే. ఆమె ఎత్తుకుంటే నాగ్‌పాడా కూడలిలో బస్సు డ్రైవర్లు కూడా బ్రేకు వేస్తారు. ఆ గొంతుకు ఈ తలుపు ఒక లెక్కా?

వచ్చి నా ముందు కూలబడింది. జుట్టు ముడి విప్పింది. నేను రెండు చేతులతో ఆమె కాళ్లు పట్టుకున్నాను. "అవ్వా, వద్దు."

"శాంతేనా?" అని గుసగుసగా అడిగింది. "పొద్దుగాల నుంచి అవుపడ్తలేదు. శాంతేనారా పోయింది?"

కాదని తల అడ్డంగా ఊపాను. దుఃఖంతో ఊపుతున్నాననుకుని ఆమె నా తల తన ఒడిలోకి లాక్కుంది. ఆమె రొమ్ము నిండా గాలి పీల్చడం నా చెవికి వినిపించింది.

అప్పుడే మెట్ల దగ్గర సంచి కింద పడిన చప్పుడైంది.

శాంతాబాయి నిలబడి ఉంది. ఒట్టు తప్పి ముందే వచ్చేసింది. కిష్టమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. విక్కీ గోడకు అంటుకుపోయాడు.

మా అక్క ఎవరినీ చూడలేదు. కింద బోర్డు చూసి వచ్చింది, ఇప్పుడు తన తలుపు ముందు జనాన్ని చూసింది. వచ్చి నా కాలరు పట్టుకుని గాలితోనే అడిగింది.

"నా బిడ్డ?"

"రాస్తున్నది అక్కా."

"నిజం జెప్పు."

"నిజమే."

"నీ నోట్లె నిజం ఎన్నడొచ్చింది తమ్మీ?" పెదవులు కదిలాయి గాని శబ్దం లేదు. "నా మీద ఒట్టేసి గూడ అబద్దం ఆడినోనివి. ఎట్ల నమ్మాలె?"

యాభై ఎనిమిదేళ్లు అందరినీ నవ్వించి నేను సంపాదించుకున్నది ఇదే. ఆమెను చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చీలిక చూపించాను. అక్క కన్ను ఆనించింది. లోపల కూతురు ఏదో ఆలోచిస్తూ కదలకుండా ఉంది. అక్క వేళ్లు నా మణికట్టులోకి దిగిపోయాయి. చాలాసేపటికి మీటలు టకటకమన్నాయి.

అక్క గోడ వెంబడే కిందికి జారి కూలబడింది.

లోపల ఏముందో జనానికి తెలియదు. తల్లి కిటికీలోంచి చూసి కుప్పకూలడం ఒక్కటే వాళ్లు చూశారు. శాంత బతికి ఉంటే మరి పోయిందెవరో కిష్టమ్మకు అర్థమైపోయింది. రెండు చేతులూ పైకెత్తి "ఓ నా బి..." అని అందుకుంది.

శాంతాబాయి కూర్చున్నచోటు నుంచే ఎగిరి ఆమె నోరు మూసింది. చేత్తో మూసి, పైన కొంగు కుక్కింది.

కానీ మూడు అక్షరాలు బయటికొచ్చేశాయి.

నేను చీలికకు కన్ను ఆనించాను. ప్రతీక్ష తల ఎత్తి తెరను చూస్తోంది. మీటలు ఆగిపోయాయి. ఆ చెంప మీద ఎరుపు పడుతుందా? ఒకటి, రెండు, మూడు... పదకొండు దాకా లెక్కపెట్టాను. చెంప తెల్లగానే ఉంది. ఆమె ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది. వేళ్లు మళ్లీ కదిలాయి.

శాంతాబాయి ఖాళీగా ఉన్న చేత్తో గాల్లో రాస్తున్నట్టు జనానికి సైగ చేసింది. తలుపు చూపించింది. పెదవుల మీద వేలు పెట్టింది. నేను వందసార్లు చెప్పినా నమ్మనివాళ్లు ఆమె మొహం చూసి ఒక్కసారికే నమ్మారు. విక్కీ తన ఫోను తీసి పక్క మీట నొక్కి పూర్తిగా ఆర్పేశాడు. సాక్షి గాజులు చప్పుడు కాకుండా చేతులు చంకల్లో పెట్టుకుంది. కిష్టమ్మ కదిలితే వదలదన్నట్టు అక్క చెయ్యి మాత్రం అక్కడే ఉంది. తొమ్మిదిమందిమి అట్లా ఇరవై నిమిషాలు కూర్చున్నాం.

నాలుగింటికి గడియ తీసిన చప్పుడైంది.

ప్రతీక్ష గడప మీద నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, వేళ్లు విరుచుకుంటోంది. గ్యాలరీ నిండా నేల మీద జనం. జుట్టు విరబోసుకున్న కిష్టమ్మ, ఆమె నోటి మీద వాళ్లమ్మ చెయ్యి.

"అయ్యో, ఎవరు పోయిన్రు?"

ఎవరూ నోరు విప్పలేదు. విప్పవచ్చో లేదో తెలియదు. నేనే గొణిగాను. "పేపరు?"

"ఝాలా మామా, అయిపోయింది. ఒక ప్రశ్న సగమే రాసిన, గాని సబ్మిట్ ఝాలా. పాసైత. ముందు ఎవరు పోయిన్రో చెప్పు!"

శాంతాబాయి కిష్టమ్మ నోటి మీంచి చెయ్యి తీసింది.

"ఇంకా పోలే బిడ్డా," కిష్టమ్మ జుట్టు ముడి వేసుకుంటూ లేచింది. "నీ మామే. గిప్పుడు పోతడు!"