ట్యాబులో మానిన పుండు

కంబదూరు అవతలి ఆ ఊరి హెల్త్ సెంటర్‌కు డాక్టరుతో వీడియోలో మాట్లాడే ట్యాబు వచ్చి ఏడాదైంది. ఇక డాక్టరే మీ ఊరికి వచ్చినట్టు, బస్సెక్కే పనే లేదు అని రిబ్బను కత్తిరించిన రోజు మైకులో ఊదరగొట్టారు. అప్పటినుంచి ప్రతి మంగళవారం నర్సు మల్లీశ్వరి ఇల్లిల్లూ తిరిగి, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమంటుంది, అందరూ చెప్పేస్తారు. బియ్యానికి నంబరు, గ్యాసుకు నంబరు, పింఛనుకు నంబరు. ఎందుకని అడిగే అలవాటే ఊరికి పోయింది.

సారా కూడా అడగలేదు. నాలుగు మంగళవారాలు అత్త ఎస్తేరు ఫోను చూసి నంబరు చదివేసి, చెనక్కాయ చేలో కూలికి పరుగెత్తింది. ఎస్తేరుకు షుగరు. బొటనవేలికి ముల్లు గుచ్చుకుని పుండైంది. మల్లీశ్వరి కట్టు కట్టి మాత్రలిచ్చేది, డాక్టరుకు చూపించమంటే సిగ్నల్ లేదనేది.

ఐదో వారానికి వేలు నల్లబడింది. వాసన కూడా మొదలైంది. సారా కూలి మానుకుని, అత్తను తోపుడుబండి మీద తెచ్చి, డాక్టరు కనిపించేదాకా కదలనని సెంటర్ గడపలో కూర్చుంది. విచిత్రం, సిగ్నల్ వెంటనే వచ్చేసింది.

ట్యాబులో డాక్టర్ హేమ రికార్డు చూసుకుంటూ పలకరించింది. "ఎస్తేరమ్మా, పోయిన వారం పుండు మానిపోయిందని చెప్పావు కదా?"

ఎస్తేరు బిత్తరపోయింది. ఆ డాక్టరు ముఖాన్ని ఆమె చూడటం అదే మొదటిసారి. వీడియో రావడం లేదంటే నాలుగుసార్లూ గొంతే విన్నానని డాక్టరు అంది.

సారా మల్లీశ్వరి వైపు తిరిగింది.

"ఏం చేయమంటావు సారా," మల్లీశ్వరి అంది. "రోజుకు పదైదు కాల్స్ చూపీకుంటే మెమో ఇస్తారు. వచ్చేది ముగ్గురే. మిగిలినోళ్ళ నంబర్లు కొట్టి, వాళ్ళ పేర్లతో నేనే మాట్లాడతాండా. మానలేదంటే ఇంకా ఏమేమో అడుగుతారని..."

"మా అత్తకు నోరు లేదా అక్కా? కాలు ఈడ కుళ్ళిపోతాంటే నీ ట్యాబులో మానిపోయిందా?" సారా అత్త పాదాన్ని ఎత్తి ట్యాబు ముందు పెట్టింది. "నువ్వు కూడా చూడు మేడం. నాలుగుసార్లు మాట్లాడితివి, ఒక్కసారన్నా కాలు చూపియ్యమంటివా?"

డాక్టరు తెరకు దగ్గరగా వంగి కాలు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. వేలు దక్కదు, ఈ రోజే అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్తే పాదం దక్కవచ్చు. తను ఇప్పుడు రాసేది అక్కడి కంప్యూటర్లో రేపటికి గానీ కనిపించదని కూడా అంది.

అంబులెన్సు రాగానే సారా అత్తను ఎక్కించి, మల్లీశ్వరిని కూడా ఎక్కమంది. ఇంకా పదకొండు కాల్స్ ఉన్నాయని ఆమె గొణిగింది.

"ఉండనీలే. ఆడ కంప్యూటర్లో కూడా మానిపోయిందనే ఉంటాది. కూలిదాని మాట ఎవురు నమ్ముతారు? నువ్వే వచ్చి చెప్పు."

మల్లీశ్వరి సెంటర్‌కు తాళం వేసి ఎక్కింది.

సారా భయపడినట్టే అయింది. ఆసుపత్రి కౌంటర్లో గుమాస్తా తెర చూసి, మానిన పుండుకు అత్యవసరం ఏముంది, లైన్లో కూర్చోండి అన్నాడు. లైన్లో నలభై మంది ఉన్నారు. సారా మల్లీశ్వరిని చూసింది.

యూనిఫాం చీర కొంగు చేతిలో నలుపుకుంటూ మల్లీశ్వరి ముందుకు జరిగింది. "అది అబద్ధం సార్," అంది, లైనంతా వినేటట్టు. "ఆయమ్మ పేరుతో మాట్లాడింది నేను. పుండు మాన్లేదు. ముందు లోపలికి తీస్కపోండి."

స్ట్రెచర్ వచ్చింది.