అమ్మ నోటి స్మిడిరీన్

మా అమ్మ నోట రోజుకు పదిసార్లు వచ్చే మాట స్మిడిరీన్. అంటే తునాతునకలు. కప్పు జారిపడితే స్మిడిరీన్, చెప్పిన మాట వినకపోతే మా ఎముకలు స్మిడిరీన్. ఇంగ్లీషు వాళ్లు మా ఐరిష్ మాటను ఎత్తుకుపోయి, తోక మార్చి స్మిథరీన్స్ అని వాడుకుంటున్నారు. మా పొలాలు వాడుకున్నట్టే. ఏదైనా పేలిపోయిందంటే చాలు, వాళ్ల పత్రికల నిండా అదే మాట.

1921 జనవరిలో, ఇంగ్లీషు సిపాయిల లారీ వచ్చే వంతెన కింద పెట్టడానికి నా తమ్ముడు కోర్మాక్ పేలుడు మందు కడ్డీలు తెచ్చాడు. కంచె గుంటలో దాచినందుకు అవి చలికి గడ్డకట్టాయి. లారీ ఆ సాయంత్రమే వస్తుంది. మెత్తబడటానికి వాటిని రొట్టె కాల్చే ఇనప కుండలో పెట్టి, పొయ్యికి కాస్త ఎడంగా ఉంచాడు.

"నేను కాసేపు ఇక్కడే నడుం వాలుస్తానక్కా. కుండ దగ్గరే ఉండు. మూత మీద మాత్రం నిప్పులు వెయ్యొద్దు" అన్నాడు.

రొట్టెకైతే కుండ కిందా, మూత మీదా నిప్పులు వేస్తాం. మా ఇళ్లలో ఆ పని కళ్లు మూసుకుని చేస్తారు.

ఇంతలో ఒక ఆవు క్యాబేజీ మడిలో పడింది. బుద్ధి గడ్డి తిని, దాన్ని తోలడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పాలు పితకడం ముగించిన అమ్మ ఇంట్లోంచి వాకిట్లోకి వస్తూ నన్నే తిడుతోంది.

"మూత మీద నిప్పుల్లేకుండా రొట్టె కాలుతుందటే? నేనే వేసొచ్చాను. పిండి పాడైందో, నీ ఎముకలు స్మిడిరీన్."

తమ్ముణ్ణి కేకేశాను. ఆ కేక నాకే వినపడలేదు. ఇంటి కప్పు లేచి పడింది. ఊడిన తలుపు మమ్మల్నిద్దర్నీ నేలకు కొట్టింది. కళ్లు తెరిస్తే ఎదురుగా కోర్మాక్ బూటు ఉంది. అందులో కాలు ఉంది.

మగవాళ్లు వాణ్ణి పిండి సంచుల్లోకి ఏరారు. పక్కింట్లో శవజాగారానికి జనం చేరారు. ఎవరో స్మిడి అని మొదలుపెట్టి, మిగతాది మింగేశారు. మా దగ్గర శవాన్ని ఇంటివాళ్లు కడగరు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కడుగుతారు. అమ్మ ఎవరి మాటా వినలేదు. ఒక్కతే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నిప్పులు వేసిన చెయ్యి తనదేనని ఆమెకు తెలియకూడదని, తెలిస్తే బతకదని నేను బయట కూర్చున్నాను.

చాలాసేపటికి వచ్చి, "కుండలో ఏముందే?" అంది మెల్లగా.

"రొట్టేనమ్మా. మందు వాడి జేబులో ఉండి పేలింది."

అమ్మ పిడికిలి విప్పింది. అరచేతిలో రొట్టె కుండ మూత ముక్క ఉంది.

"ఇది వాడి గుండెలోంచి తీశాను. ఇంకా ఉన్నాయి" అంది. "నా చేతులు ఆడటం లేదు. నువ్వు రా."