గవర్నరు పిలిచినా రాని కెప్టెన్

మా ఆయన అసాహెల్‌కు వెర్మాంట్ తరవాతే ఎవరైనా. అమెరికా దేశంలో చేరకముందు పద్నాలుగేళ్లు ఎవరి కిందా లేకుండా బతికిన రాష్ట్రం మాది, వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్ల పెత్తనమేమిటని పెళ్లయిన నాటి నుంచీ నా బుర్ర తింటున్నాడు. నేనేమో దేశం పక్షం. మా వాదన తెమిలేలోపు బీన్స్ చల్లారిపోయేవి.

ఇంగ్లీషువాళ్లతో యుద్ధం వచ్చాక ఆయన దళాన్ని మా సరిహద్దు సరస్సు అవతలికి, ఆయనకు గిట్టని పక్క రాష్ట్రం న్యూయార్క్ గడ్డ మీదికి పంపారు. కెప్టెన్ కదా, గొణుక్కుంటూనే వెళ్లాడు. 1813 నవంబరులో మా గవర్నరు ఆజ్ఞ వేశాడు: మన సైనికులు మన రాష్ట్రాన్నే కాయాలి, అందరూ తిరిగి రండి. ఆయన దళం ఉన్న శిబిరంలో జ్వరాలకు మనుషులు పోతున్నారని విని కుమిలిపోతున్నదాన్ని, జన్మలో మొదటిసారి రాష్ట్ర హక్కులకు జై కొట్టాను.

ఆయన రాలేదు. రామని ఆఫీసర్లు రాసిచ్చిన కాగితం మీద ఆయన సంతకమూ ఉందట. ఒళ్లు మండి పడవెక్కాను.

వెళ్లేసరికి ఒక కొట్టంలో, రెండు వరసల జ్వరపు మనుషుల మధ్య గంజి పోస్తున్నాడు.

"ఏమయ్యా, వెర్మాంట్ మాటే శాసనమంటివే. ఆ వెర్మాంటే రమ్మంటే చెవుడొచ్చిందా?"

"మెల్లగా మాట్లాడవే, పడుకున్నారు. గవర్నరుకు ఆ హక్కుంది. ఇప్పటికీ అదే అంటా."

"మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?"

"ఈ వరస మన ఊరివాళ్లు. పడవెక్కిస్తే ఒడ్డు చేరేలోపే పోతారు. వీళ్లనొదిలి ఎట్లా రానే?"

"ఆ వరస?"

"న్యూయార్క్ వాళ్లు. ఊళ్లో చెప్పకు."

ఈ మొండివాడంటే నాకు ఎంత ప్రేమో ఆ క్షణాన తెలిసింది. చేయి పట్టుకున్నాను. కాలిపోతోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడ్రోజులు. ఏం కాదులే."

వెర్మాంట్ వరసలో చోటు లేదు. న్యూయార్క్ వరసలో పొద్దున ఖాళీ అయిన చోటు చూపించి పడుకోమన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పకుండా పడుకున్నాడు. పన్నెండేళ్ల కాపురంలో అలా ఎన్నడూ లేదు.

గంజి గిన్నె అందుకుని పక్కనే కూలబడ్డాను. ఆయన నోరు తెరిచేదాకా ఏదో ఒకటి అనాలి.

"ఎన్ని చెప్పు, రాష్ట్రం కంటే దేశమే పెద్దది. వాషింగ్టన్ చెప్పినట్టు అందరూ వినాల్సిందే."

మళ్లీ అన్నాను, ఇంకాస్త గట్టిగా.

ఆయన కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"చచ్చినా ఒప్పుకోనే."

అమ్మయ్య అనుకుని, చెంచా ఆయన నోటి దగ్గర పెట్టాను.