కంచానికి ఎడమపక్కన

నేను ఒక స్టీలు గ్లాసును. అరలీటరు నీళ్ళు పడతాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం ఏలూరులో చక్రధరరావు ఇంటి భోజనాల బల్ల మీద నన్ను అప్పటికి నాలుగుసార్లు పెట్టారు, మూడుసార్లు తీశారు. పెట్టేది చక్రధరరావు తల్లి మాణిక్యమ్మ. తీసేది ఆయన కూతురు హారిక.

"నీళ్ళు లేకుండా కంచం పెడతారటే? పిండానికైనా నీళ్ళు వదుల్తారు," అంటూ మాణిక్యమ్మ నన్ను కోడలి కంచానికి ఎడమపక్కన మళ్ళీ నిలబెట్టింది.

"నానమ్మా, అమ్మకి ఆపరేషనై రెండు నెలలే అయింది. తినడానికి అరగంట ముందు నీళ్ళు ఆపాలి, తిన్నాక అరగంట ఆగాలి. మధ్యలో చుక్క పడకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పొలమారితేనో?"

"నెమ్మదిగా తింటే పొలమారదు."

"పక్కనున్నంత మాత్రాన తాగేస్తుందా? ఉంటే నీ సొమ్మేం పోయింది?"

చక్రధరరావు పేపరు మడిచి తీర్పు చెప్పాడు. "గ్లాసు ఉంచండి. నీళ్ళు సగమే పొయ్యండి." ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగి. ఏ తగాదా అయినా సగం నీళ్ళు వదిలితే చల్లారుతుందని ఆయన నమ్మకం.

ఇంత గొడవా ఎవరి కంచం గురించి జరుగుతోందో ఆ ఇందుమతి మాత్రం అక్కడ లేదు. వంటింట్లో వీళ్ళకి అప్పడాలు వేయిస్తోంది.

నా సంగతి కొంచెం చెప్పుకోనివ్వండి. ఏదో ఫ్యాక్టరీలో రేకుగా ఉన్నదాన్ని అచ్చులో ఒక్క గుద్దుతో గ్లాసును చేశారు. గుడివాడలో ఒక సామాన్ల కొట్టువాడు నా పొట్ట మీద 'చి.ల.సౌ. ఇందుమతి వివాహ సందర్భముగా, బి. పాండురంగం' అని చుక్కలు చుక్కలుగా పొడిచాడు. ఆ పాండురంగం ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి మనిషి అనుకున్నారు, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషి అనుకున్నారు. ఎవరైతేనేం, శుభ్రంగా భోంచేసి వెళ్ళాడట.

ఇందుమతి పేరు నా మీద ఉన్నా మొదట మామగారి చేతిలో పడ్డాను. ఆయన పొద్దున్నే మజ్జిగ తాగి, నన్ను వీధి అరుగు మీదో కిటికీలోనో వదిలేసేవాడు. ఆయన పోయాక చక్రధరరావు గడ్డం గీసుకునే నీళ్ళకి వాడుకున్నాడు. ఒకరోజు గచ్చు మీద పడి నడుము దగ్గర సొట్టపోయాను. అప్పుడు ఇందుమతికి చేరాను. ఈ ఇంట్లో ఏ వస్తువైనా ఆమెకి చేరేది సొట్టపోయాకే.

ఆమె భోజనం నేను చూసినంతగా ఇంకెవరూ చూడలేదు. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, పొయ్యి గట్టు దగ్గర నిలబడి తినేది. అడుగున మిగిలిన పప్పు, కూతురు వదిలేసిన వేపుడు, రేపటికి ఉండదనుకున్న పులుసు, అన్నీ ఒకే కంచంలో పడేవి. పారేయడానికి ఆమెకి చేతులు రావు. మూడు ముద్దలు తినేలోపు ముందుగదిలోంచి "ఇందూ, వక్కపొడి ఎక్కడ?" అని కేక. ముద్ద గొంతులో ఉండగానే నన్నెత్తి గటగటా తాగేది. నమలడం పళ్ళ పని. ఈ ఇంట్లో ఆ పని చాలా ఏళ్ళు నేను చేశాను.

ఒళ్ళు పెరిగింది. షుగరొచ్చింది. మెట్లెక్కాలంటే మోకాళ్ళు ఏడ్చేవి. "ఏం తింటుందో ఏమో, మేమెప్పుడూ చూడలేదమ్మా," అనేది మాణిక్యమ్మ చుట్టాలతో. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరూ చూడలేదు.

చివరికి విజయవాడలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు ఆమె పొట్ట ఒక అరటిపండంత ఉంటుందట. అంటే నాకంటే చిన్నది. ఆస్పత్రినుంచి ఆమెతోపాటు ఒక బుల్లి ప్లాస్టిక్ కప్పు వచ్చింది. మందు సీసా మూతకి అన్నలాంటిది. రోజంతా దానితో గుటకా గుటకా చప్పరిస్తూ తాగాలి, భోజనం వేళ మాత్రం తాగకూడదు. నన్ను పై అరలో పెట్టారు. ఆ కప్పుని కళ్ళకద్దుకున్నట్టు చూసుకునేవాళ్ళు. నాకేం బాధ లేదు. వేలెడంత వాడికి కూడా రోజులొస్తాయి.

ఆ నియమానికి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకున్నారు. మాణిక్యమ్మ లెక్కలో చారు నీళ్ళు కాదు, మజ్జిగ నీళ్ళు కాదు, కాఫీ అసలే కాదు. చక్రధరరావు ఫోన్లో అలారం పెట్టాడు. అది మోగగానే "ఇందూ, నీ నీళ్ళ టైమయింది. వస్తూ వస్తూ నాకో గ్లాసు పట్రా," అని కేకేసేవాడు. భార్య ఆరోగ్యం గురించి ఆయన తీసుకుంటున్న శ్రద్ధని ఆఫీసులో కూడా మెచ్చుకున్నారట.

ఆ ఆదివారానికే వస్తాను. అందరి భోజనాలూ అయి ఇందుమతి కూర్చునేసరికి రెండుంపావు. నాలో ఉన్న సగం నీళ్ళూ హారిక సింకులో పారబోసి తన గదిలోకి వెళ్ళింది. ఇందుమతి రెండు చెంచాల మెత్తటి అన్నం, పప్పు కలుపుకుంది. రెండో ముద్ద నములుతుండగా "అమ్మాయ్, నా బీపీ మాత్ర," అంది మాణిక్యమ్మ మంచం మీంచి. వెనకాలే "ఇందూ, ఫోన్ చార్జరు కనపడట్లేదు," అన్నాడు చక్రధరరావు. ఇరవై మూడేళ్ళ అలవాటు ఊరికే పోతుందా! మిగిలిన రెండు ముద్దలూ గబగబా నోట్లో కుక్కుకుని లేచింది.

గుండెల దగ్గర పట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది చూసి మాణిక్యమ్మ మాత్ర సంగతి మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది. అప్పటికప్పుడు నా నిండా మజ్జిగ పోసింది. "నీళ్ళు కాదులేమ్మా, పల్చటి మజ్జిగ. తాగు, దిగిపోతుంది," అని కోడలి చేతిలో పెట్టింది. అది ప్రేమే, నేను కాదనను. ఇందుమతి చెయ్యి నన్ను ఎరుగును. నాలుగు గుక్కలు తాగింది.

అయిదో గుక్క లేదు. సింకు పట్టుకుని కక్కుకుని, అక్కడే నేల మీద చతికిలబడింది. ఆ వారంలో అది మూడోసారి. "నా చేత్తో నేనే పోశానే," అని మాణిక్యమ్మ నెత్తి కొట్టుకుంది. హారిక వచ్చి ఆస్పత్రి డైటీషియన్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి బల్ల మీద నా పక్కనే ఉంచింది.

"ఇలా వాంతులవుతుంటే ఒంట్లో నీరు నిలవదమ్మా. మళ్ళీ చేర్చుకుని సెలైన్ ఎక్కించాల్సొస్తుంది," అంది ఆ అమ్మాయి. "ఒకటి చెప్పండి. భోజనానికి ఎంతసేపు కూర్చుంటారు మీరు?"

డాక్టర్ల ముందు కోడలికి మంచి పేరు రావాలని మాణిక్యమ్మ ముందుకు వంగింది. "కూర్చోవడమేమిటండీ! మా కోడలు ఐదు నిమిషాల్లో తినేసి లేచిపోతుంది. అంత పనిమంతురాలు."

ఫోన్లో ఆ అమ్మాయి గొంతు మెత్తబడింది.

"పెద్దమ్మగారూ, ఐదు నిమిషాల్లో తినాలంటే నీళ్ళు తాగక ఏం చేస్తుందండీ? నీళ్ళు మానమని ఆవిడకి చెప్పాను. తిండికి అరగంట వదలమని మీకు చెప్పలేదు. నాదే తప్పు."

హారిక తండ్రి వంక చూసింది. ఆయన ఫోన్లో అలారం వంక చూశాడు, తప్పంతా అది చేసినట్టు. "తినడానికి అరగంట, ముందు అరగంట, తర్వాత అరగంట... మరి వడ్డన?" అన్నాడు. అని, తన మాట తనకే వినపడి ఊరుకున్నాడు.

ఇందుమతి ఆ రోజు ఇంకేమీ తినలేదు. నేల మీంచి లేచి నన్ను తోమి బోర్లించింది.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకి నన్ను తీసి తుడిచింది. నీళ్ళు పోస్తుందనుకున్నాను. నాలో పప్పు గరిటె నిలబెట్టింది, చారు గరిటె వేసింది, అన్నం వడ్డించే హస్తం వేసింది, పెరుగు చెంచా వేసింది. పీకల దాకా నిండాను. తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టి, చుట్టూ గిన్నెలు సర్దింది. తన కంచంలో రెండు చెంచాలు వడ్డించుకుని అందరికంటే ముందు కూర్చుంది.

ఒక్కొక్కరే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు. "అదేమిటమ్మాయ్, అప్పుడే..." అంది మాణిక్యమ్మ.

ఇందుమతి నోట్లో ముద్ద పూర్తిగా నమిలింది. అంతసేపూ వాళ్ళు నిలబడే ఉన్నారు. మింగాక, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇకమీదట నేను ఏడున్నరకి తింటాను అత్తయ్యగారూ. మధ్యాహ్నం ఒంటిగంటకి. అరగంటదాకా లేవను, ఎవరు పిలిచినా. గరిటెలు ఇక్కడున్నాయి. ఎవరిక్కావలసింది వాళ్ళు వడ్డించుకోండి."

చక్రధరరావు కూర్చున్నాడు. ఎడమచెయ్యి అలవాటుగా నా మీదికి వచ్చింది. చారు గరిటె తగిలింది. కాసేపు దాన్ని పట్టుకుని, పైకి తీసి, గిన్నెలో ముంచాడు. సగం చారు బల్ల మీద ఒలికింది.

ఎవరూ లేవలేదు. ఇందుమతి రెండో ముద్ద నములుతోంది.