వీపు చీలని తూనీగలు

పంపు ఆపరేటరు సీసా పట్టుకుని కుంట మెట్లు దిగబోయి ఆగిపోయాడు. నీళ్లంచు జమ్ముగడ్డి నిండా పురుగులు.

అవి తూనీగ పిల్లలు. రెక్కలు రాకముందు నీటి అడుగున పురుగుల్లాగే బతుకుతాయి. రోజు వచ్చినప్పుడు ఏదో ఒక కాడ పట్టుకుని పైకి పాకి, వీపు చీల్చుకుని, తూనీగలై ఎగిరిపోతాయి. ఊరికి నీళ్లిచ్చే ఈ కుంట మీద ఆయన ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాడు. ఒక పొద్దున పది కనబడితే గొప్ప. ఇవాళ వందలు. లావుపాటివీ, పుల్లల్లా సన్నంగా ఉండే సూదితూనీగల పిల్లలూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

ఆయన వెనక్కి నడిచి ఇద్దరికి ఫోను చేశాడు. ఒకరు బావమరిది, టైలరు. ఇంకొకరు డ్రాయింగు మాస్టారు. తూనీగల పిచ్చి ముగ్గురిదీ. పది నిమిషాల్లో ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కారు.

వాళ్లకో కట్టుబాటుంది. పిల్లలు పైకెక్కుతుంటే ఎవరూ నీళ్లంచుకు పోకూడదు, అడుగు గట్టిగా వెయ్యకూడదు. కదిలిస్తే పట్టు తప్పి పడతాయి. మెత్తటి రెక్కలు ముడుచుకుపోతే మరి ఎగరవు. ఒకసారి టైలరు తుమ్మాడని మాస్టారు నెల్లాళ్లు అతనితో మాట్లాడలేదు.

ఉద్యోగానికీ ఓ కట్టుబాటుంది. ఆరింటికి ఆ మెట్ల కింద సీసా ముంచాలి. రంగు, వాసన చూడాలి, పరీక్ష మందు చుక్కలు వేసి చూడాలి. ఆ తర్వాతే ఆరున్నరకు ఊరికి వాల్వు తిప్పాలి. ఇవాళ ఆయన మెట్లు దిగలేదు. నిన్నటి నీళ్లే కదా అనుకున్నాడు. పుస్తకంలో ‘బాగున్నాయి’ అని రాశాడు. గట్టు మీది వాల్వు చప్పుడు కాకుండా తిప్పి వచ్చి, మళ్లీ వాళ్ల పక్కన కూర్చున్నాడు.

“ఇన్నేళ్లూ ఈ కుంట మన దగ్గర దాచింది బావా,” అన్నాడు టైలరు గుసగుసగా. “ఇవాళ మూట విప్పింది.”

“నోరు కుట్టుకోవయ్యా,” అన్నారు మాస్టారు. “దారం నీ దగ్గరే ఉంటుందిగా.”

టైలరు మూతి బిగించి నవ్వాడు.

ఎండ జమ్ము మీదికి వచ్చింది. గాలి లేదు. రోజూ తీగ మీద కూర్చుని ఈ పిల్లల కోసం కాచుకునే లకుముకి పిట్ట ఇవాళ రాలేదు. మాస్టారు బొమ్మల పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకున్నారు. పెన్సిలు కదల్లేదు.

“గంటయింది,” అన్నారు చివరికి. “ఒక్కదానికీ వీపు చీలలేదు.”

“ఆలస్యమవుతుందేమో మాస్టారూ,” అన్నాడు టైలరు.

“ఒకదానికవుతుంది. అన్నిటికీ కాదు. సరిగ్గా చూడు, సగానికి రెక్కల మొగ్గలే లేవు. ఇవి ఇంకా పసివి. ఇప్పుడు బయటికి రావలసినవి కావు.”

“మరెందుకొచ్చాయి?”

మాస్టారు పెన్సిలుతో నీళ్లకేసి చూపించారు. ఆపరేటరు లేచి, కట్టుబాటు మరిచి, దబదబా మెట్లు దిగాడు. పిల్లలు కాడల మీద నుంచి జలజలా రాలాయి. కిందపడ్డవి మళ్లీ గట్టువైపే పాకాయి. ఒక్కటీ నీళ్లలోకి పోలేదు.

ఆయన దోసిలి ముంచి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. జమ్ము మొదళ్లలో చేపపిల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కాలువ వచ్చి కుంటలో పడేచోట గట్టు గడ్డి నలిగి ఉంది. లారీ చక్రాల జాడ. ఎవరో రాత్రి ట్యాంకరు తెచ్చి ఏదో విషం గుమ్మరించి పోయారు.

“టైమెంత?”

“ఏడూ పది,” అన్నాడు టైలరు.

ఆరున్నరకు వదిలిన నీళ్లు ఏడుంబావుకు క్వార్టర్సు కొళాయికి చేరతాయి. ఈ పైపు మీద మొదటి కొళాయి ఆయన ఇంటిదే. భార్యకు కిడ్నీలో రాళ్లు. పరగడుపున రెండు గ్లాసులు తాగమన్నాడు డాక్టరు. నిలవ నీళ్లు ఆమెకు గొంతు దిగవు. కొళాయి వచ్చేదాకా కాచుకుని, వచ్చీ రాగానే తాగుతుంది.

“అక్క,” అన్నాడు టైలరు. బండి వైపు పరుగెత్తాడు.

“నేను వీధుల్లో చెబుతా,” అని మాస్టారు పుస్తకం అక్కడే వదిలి నడిచారు. డెబ్బై ఏళ్ల మనిషి, దాదాపు పరుగే.

వాల్వు మూయడానికి యాభై చుట్లు. ఆపరేటరు తిప్పుతూనే ఇంటికి ఫోను కలిపి భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నాడు. మోగింది. ఎవరూ తీయలేదు. ముప్పయ్యో చుట్టు. మళ్లీ మోగింది. చేతులు చెమటకు జారుతున్నాయి. యాభై. పైపులో హోరు ఆగింది. అప్పటికే పైపులోకి పోయినవి పోయాయి.

ఆఫీసుకు ఫోను చేసి చెప్పాడు. పెట్టేసరికి బావమరిది ఫోను.

“బావా, అక్క బాగానే ఉంది.”

“తాగిందా?”



“రెండు గ్లాసులు. ఆస్పత్రికి పదమంటే నవ్వుతోంది. నీళ్లు తేటగా ఉన్నాయట. నువ్వే చెప్పు.”

ఫోను చేతులు మారింది.

“ఏంటీ గోల?” అంది ఆమె. “పొద్దున్నే వీడు వచ్చి గ్లాసు లాక్కుంటాడు. పొయ్యి మీద అన్నం ఉంది. నీ చేతి మీద వచ్చే నీళ్లు ఇరవై రెండేళ్లుగా తాగుతున్నా. ఏనాడన్నా ఏమన్నా అయిందా?”

“ఆస్పత్రికి వెళ్లు.”

“ఎందుకు? నువ్వు చూసే వదిలావు కదా?”



“చూడలేదు,” అన్నాడు.

 గరిటె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచింది.

“ఒరేయ్, ఆటో ఆపు,” అంది. “ఇందాకటి నుంచి నాలుక తిమ్మిరెక్కుతోంది. పళ్లపొడి ఘాటేమో అనుకున్నా.”